ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 12,380 కిలోమీటర్లే, మరి టికెట్ మీద అన్ని గంటలెందుకు?

అడిగిన ప్రశ్న ఇది: "ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమాన దూరం ఒక సైట్లో 12,380 కిలోమీటర్లని ఉంది, ఇంకో సైట్లో 7,690 మైళ్లని, మరోచోట 6,680 మైళ్లని ఉంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటారు కదా, ఆ లెక్కన పద్నాలుగు గంటలు కూడా పట్టకూడదు. మా అమ్మ టికెట్ మీద వెళ్లేటప్పుడు 15 గంటల 30 నిమిషాలు, వచ్చేటప్పుడు 16 గంటల 30 నిమిషాలు అని వేశారు. రెండూ నాన్‌స్టాప్ విమానాలే. ఏది నమ్మాలి?"

ముందు నా సంగతి చెప్తాను. నేను చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను. పైలట్లు విమానం ఎక్కేముందు ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, మధ్యలో ఏదైనా అయితే ఎక్కడ దిగాలి అని నేల మీద కూర్చుని ప్లాన్ వేసే పని అది. కాబట్టి ఈ ప్రశ్నకు నా దగ్గర కాస్త పెద్ద సమాధానమే ఉంది.

మీకు కనిపించిన మూడు దూరాలూ ఒకటే. 7,690 అనేది మామూలు మైళ్లలో, 6,680 అనేది నాటికల్ మైళ్లలో. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. విమానాల వాళ్లు నాటికల్ మైళ్లే వాడతారు. కొన్ని సైట్లు ఏ మైలో చెప్పకుండా ఉత్త 'మైళ్లు' అని రాసేస్తాయి, దాంతో ఈ తికమక.

ఇక ఆ 12,380 అంటే ఏంటో చూద్దాం. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. గ్లోబు తీసుకుని ఢిల్లీ దగ్గర దారం పెట్టి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు బిగించి లాగితే అది ఎక్కడెక్కడ ఆనుతుందో అదే గ్రేట్ సర్కిల్. గోడకు తగిలించే మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే మాత్రం మోసపోతాం. చాలా గోడ మ్యాపులు 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతిలోనే ఉంటాయి. ఓడలు నడిపేవాళ్లకు దిక్కు తప్పకుండా ఉండటానికి చేసిన మ్యాప్ అది. అందులో ధ్రువాల దగ్గరికి పోయేకొద్దీ నేల సాగిపోయి కనిపిస్తుంది. ఆ మ్యాప్ చూసి అమెరికా వెళ్లాలంటే యూరప్ మీదుగా పడమటికే పోవాలని చాలామంది అనుకుంటారు. దారం మాత్రం వేరే కథ చెబుతుంది. ఢిల్లీ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి, కొంచెం తూర్పుకు వాలి బయల్దేరుతుంది. గఢ్వాల్ హిమాలయాలు, పశ్చిమ టిబెట్, తక్లమకాన్ ఎడారి దాటి సైబీరియాలోకి పోతుంది. లేనా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా వెళ్లి, ఆర్కిటిక్ సముద్రం మీద 75 డిగ్రీల అక్షాంశం దాటి, అలాస్కా ఉత్తరపు కొసన మళ్లీ కిందికి దిగి, కెనడా పడమటి తీరం వెంబడి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది.

విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కాబట్టి దూరం బాగా పెరుగుతుందేమో అని కొందరు అడుగుతుంటారు. మొత్తం దారికి కలిపి పెరిగేది ఇరవై కిలోమీటర్లే. దాన్ని వదిలేయండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ దారం మీద ఎవరూ విమానం నడపరు. మొదటి అడ్డం ఢిల్లీ దాటిన అరగంటకే ఎదురవుతుంది. కొండలు తగులుతాయని కాదు, విమానం ఎవరెస్ట్ కంటే ఎంతో పైనే పోతుంది. భయమల్లా కేబిన్‌లో గాలి పీడనం పోతే ఏంటన్నదే. అప్పుడు సీట్ల పైనుంచి ఆక్సిజన్ మాస్కులు వేలాడతాయి. చాలా విమానాల్లో వాటిలో వచ్చే ఆక్సిజన్ 12 నుంచి 22 నిమిషాలకు మించి రాదు. ఈలోగా పైలట్లు మనుషులు మామూలుగా ఊపిరి తీసుకోగల ఎత్తుకి, అంటే పదివేల అడుగుల దగ్గరికి విమానాన్ని దించాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే పద్నాలుగు వేల అడుగులు దాటుతుంది. ఇక దిగేదెక్కడికి? అలాగని ఆ వైపు దారులు అసలు లేవని కాదు. చైనా పశ్చిమ భాగం మీదుగా ఎల్888 అనే దారి ఒకటుంది. దాని మీద పోవాలంటే ఫలానా చోట పీడనం పోతే ఏ లోయ వైపు తిరగాలి, ఎంత ఎత్తుకి దిగాలి అన్న 'ఎస్కేప్ రూట్' ముందే రాసిపెట్టుకుని ఉండాలి, అందుకు సరిపడా ఆక్సిజన్ ఏర్పాటూ ఉండాలి. ఇవి లేని విమానం చుట్టూ తిరిగి పోవాల్సిందే. అక్కడే కొన్ని వందల కిలోమీటర్లు కలుస్తాయి.

ఆ తర్వాత దేశాల అనుమతులు. ఎవరి ఆకాశం మీదుగా పోవాలన్నా వాళ్ల పర్మిషన్ కావాలి, దానికి రుసుమూ కట్టాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా చాలా పాశ్చాత్య దేశాల విమానాలకు తన ఆకాశం మూసేసింది. మన దేశపు విమానాలకు మూయలేదు. అంటే అవే రెండు ఊళ్ల మధ్య అమెరికన్ కంపెనీకి ఒక దారి, మన కంపెనీకి ఇంకో దారి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 ఇంజన్ సమస్యతో రష్యాలోని మగడాన్‌లో దిగింది, మీరు వార్తల్లో చూసే ఉంటారు. మగడాన్ ఎక్కడుందో ఒకసారి గ్లోబు మీద చూడండి, ఆ రోజు విమానం ఏ వైపుగా పోతోందో తెలిసిపోతుంది. ఇక 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు ఆకాశం మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికి పోయేవి దక్షిణంగా అరేబియా సముద్రం వైపు వెళ్లి చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. గ్రేట్ సర్కిల్ దూరం మాత్రం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. అందుకే దూరాల సైట్ చూసి ప్రయాణ సమయం లెక్కేయొద్దని నేను అందరికీ చెప్తాను.

ఇప్పుడు గాలి. నన్నడిగితే సమయాన్ని దూరం కంటే ఎక్కువగా తేల్చేది ఇదే.

భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు తిరిగే చోటే, పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి ఒకటి నదిలా పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. జపాన్ దగ్గర పసిఫిక్ మీద చలికాలంలో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటిన రోజులు మామూలే. దీన్ని మొదట కొలిచినవాళ్లలో జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వాసాబురో ఓయిషి ఒకరు. 1920ల్లో బెలూన్లు ఎగరేసి లెక్కలు కట్టి, ఆ ఫలితాలను, అన్ని దేశాలవాళ్లూ వాడుకోవాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. ప్రపంచమంతా చదవాలనే ఆ పని చేశాడు, కానీ బయటి దేశాల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికన్ బాంబర్లు ఈ గాలిలో చిక్కుకున్నాక గానీ అందరికీ దాని సంగతి అర్థం కాలేదు.

మీరు అడిగిన ఈ దారిలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో నాన్‌స్టాప్ మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా, పడమటి వైపు నుంచి వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందు. భాగించి చూడండి, సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్ల పైన వస్తుంది. సీటు ముందున్న స్క్రీన్ మీద ఆ అంకె చూసి విమానం ధ్వని వేగానికి దగ్గరపడిందని కంగారుపడేవాళ్లున్నారు. అలాంటిదేం లేదు. విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పటిలా గంటకు 890 కిలోమీటర్ల చొప్పునే పోతోంది. ఆ గాలే తూర్పుకు పారుతోంది, వాలులో పడవ పోయినట్టు. స్క్రీన్ చూపించేది నేలతో పోల్చిన వేగం.

అప్పట్లో కొన్ని వార్తల్లో "భూమి తిరిగే దిక్కులోనే పోయింది కాబట్టి త్వరగా చేరింది" అని రాశారు. అది తప్పు. భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది, అందులో ఎగిరే విమానం కూడా తిరుగుతుంది. అలా కాకపోతే హెలికాప్టర్ ఎక్కి గాల్లో నిలబడితే చాలు, కాసేపటికి ఇంకో ఊరు వచ్చి కింద నిలవాలి కదా.

గాలి వెళ్లేటప్పుడు సాయం చేస్తే వచ్చేటప్పుడు అడ్డం పడుతుంది, రెండూ సరిపోతాయిలే అని కూడా అనుకోకండి. 12,000 కిలోమీటర్ల దారి, విమానం వేగం 900, గాలి వేగం 100 అనుకుందాం. గాలివాటున పోతే 1,000తో భాగించాలి, పన్నెండు గంటలు. ఎదురుగాలిలో 800తో భాగించాలి, పదిహేను గంటలు. రెండూ కలిపితే ఇరవై ఏడు. గాలే లేకపోతే రానూపోనూ ఇరవై ఆరు గంటల నలభై నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది కాబట్టి నష్టమే ఎక్కువ. అందుకే వచ్చేటప్పుడు మేం వేసే దారి, వెళ్లిన దారికి అద్దంలో బొమ్మలా ఉండదు. జెట్ స్ట్రీమ్‌ని తప్పించుకుని ఇంకా ఉత్తరంగా పోతాం. జపాన్, అమెరికాల మధ్య పసిఫిక్ మీద అయితే రెండు వైపుల కంట్రోల్ కేంద్రాలు ఆ రోజు గాలులు చూసి ఏ రోజుకారోజు కొత్త దారులు ప్రకటిస్తాయి. నిన్న మీ అమ్మగారి స్నేహితురాలు ప్రయాణించిన విమానం, రేపు మీ అమ్మగారు ఎక్కే విమానం ఒకే నంబరుదైనా ఒకే గీత మీద పోతాయని లేదు.

చుట్టుదారిలో పోతే ఇంధనం వృథా కాదా అని మీరు అడగొచ్చు. ప్లాన్ వేసేవాళ్లు చూసేది కిలోమీటర్లు కాదు, గంటలు. 777 లాంటి పెద్ద విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. గంట తగ్గితే ఏడు టన్నులు మిగులుతాయి. పైగా దూర ప్రయాణాల్లో అదనంగా మోసుకెళ్లే ఇంధనంలో గంటకు మూడు నాలుగు శాతం ఆ బరువు మోయడానికే ఖర్చయిపోతుంది. 15 గంటల దారికి టన్ను ఎక్కువ పోస్తే చివరికి మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. కాబట్టి ఊరికే "ఎందుకైనా మంచిది" అని నింపుకోవడం కుదరదు. రెండే ఇంజన్లున్న విమానం కాబట్టి, దారిలో ఎక్కడున్నా నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం ఒకటి అందుబాటులో ఉండాలన్న నియమం కూడా ఉంది. ఉత్తర పసిఫిక్‌లో అలాంటి చోట్లు తక్కువ. అలాస్కాలో కోల్డ్ బే అని ఒక చిన్న ఊరుంది, వంద మంది కూడా ఉండరు. కానీ అక్కడి రన్‌వే పొడవైనది. ఆ ఊరి వాతావరణం బాగోలేదని తెలిస్తే ఎక్కడో ఢిల్లీలో బయల్దేరాల్సిన విమానం దారి మార్చాల్సి రావచ్చు.

మీ పద్నాలుగు గంటల లెక్కలో ఇంకొకటి తప్పిపోయింది. టికెట్ మీద వేసేది గాల్లో ఉండే సమయం కాదు. విమానం గేటు దగ్గర చక్రాల కింది దిమ్మెలు తీసినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ పెట్టేదాకా లెక్క. బ్లాక్ టైం అంటాం. ఢిల్లీ లాంటి రద్దీ విమానాశ్రయంలో గేటు నుంచి రన్‌వే దాకా పోయి వరసలో నిలబడటానికే ఇరవై ముప్ఫై నిమిషాలు, దిగాక పది నిమిషాలు. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ విమానం 900 వేగంతో పోదు, అక్కడ ఇంకో పావుగంట. చుట్టుదారికి నలభై యాభై నిమిషాలు. వీటి మీద, ఆలస్యమైందన్న మాట రాకుండా కంపెనీలు వేసుకునే కొసరు. పద్నాలుగు గంటల లోపే అన్న మీ లెక్క ఈ విధంగా పదిహేనున్నర అవుతుంది. విమానం అరగంట ముందే దిగితే పైలట్ గొప్పతనం అనుకుంటారు గానీ, చాలాసార్లు అది షెడ్యూల్ వేసినవాళ్ల జాగ్రత్త.

గడియారం లెక్క చూద్దాం, పెద్దవాళ్లు ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు వెనక, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మన దగ్గర ఆ గొడవ లేదు. జనవరిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరారనుకోండి. పదిహేనున్నర గంటలు కలిపితే మన టైంలో రాత్రి ఏడున్నర. పదమూడున్నర తీసేస్తే అక్కడ అదే రోజు ఉదయం 6. టికెట్ చూస్తే 4కి ఎక్కి 6కి దిగినట్టుంటుంది. తిరుగు ప్రయాణంలో అక్కడ ఉదయం పదిన్నరకు ఎక్కితే, పదహారున్నర గంటలు కలిపి, పదమూడున్నర కలిపితే ఢిల్లీలో మర్నాడు సాయంత్రం నాలుగున్నర. కాగితం మీద ముప్ఫై గంటలు పోయినట్టు కనిపిస్తుంది. బయల్దేరే టైం, దిగే టైం ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయంలోనే వేస్తారు కాబట్టి వాటిని నేరుగా తీసివేయకండి. మందులు వేళకు వేసుకోవాల్సినవాళ్లు ఉంటే, విమానంలో ఉన్నంతసేపూ మన టైంలోనే ఉన్న చేతి గడియారం చూసుకోమనండి. బీపీ, షుగర్ మందుల వేళలు అక్కడికి వెళ్లాక ఎలా మార్చాలో డాక్టర్ని ముందే అడిగి రాయించుకోవడం మంచిది.

దగ్గర లెక్క కావాలంటే నా పద్ధతి చెప్తాను. గ్రేట్ సర్కిల్ దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కోకి సుమారు 15 గంటలొస్తాయి. తిరిగి పడమటికి వచ్చేటప్పుడు ఇంకో గంట కలపండి. 15,300 కిలోమీటర్ల పైచిలుకున్న సింగపూర్–న్యూయార్క్‌కి ఇదే లెక్క వేస్తే పద్దెనిమిదిన్నర గంటలు, షెడ్యూలూ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కచ్చితంగా తెలియాలంటే మాత్రం విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 గానీ ఫ్లైట్‌అవేర్ గానీ తెరిచి, మీ విమానం నంబరు కొట్టి, గత వారం పది రోజుల్లో నిజంగా ఎంత పట్టిందో చూడండి. జూన్‌లో టికెట్ కొంటూ జనవరి ప్రయాణానికి ఆ సమయమే పడుతుందనుకోకండి, జెట్ స్ట్రీమ్ బలం చలికాలంలో వేరు.

నాన్‌స్టాప్ కాకుండా ఒక చోట మారి వెళ్దామా అని ఎలాగూ ఆలోచిస్తారు. దుబాయ్ మీదుగా పోతే రెండు అంచెలూ కలిపి దాదాపు 15,200 కిలోమీటర్లు. టోక్యో మీదుగా అయితే 14,100 దగ్గర, అంటే దుబాయ్ దారి కంటే పదకొండు వందలు తక్కువ. కానీ రెండు విమానాల మధ్య ఆరేడు గంటలు కూర్చోవాల్సి వస్తే ఆ పదకొండు వందల కిలోమీటర్ల లాభం ఏమూలకీ రాదు. నేనైతే పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ధర కొంచెం ఎక్కువైనా నాన్‌స్టాప్ వైపే మొగ్గుతాను. తప్పనిసరై మారాల్సి వస్తే రెండు అంచెలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోవాళ్లకు ఏ బాధ్యతా ఉండదు.

మీరు ఎయిర్‌పోర్టుకు వెళ్లి అమ్మగారిని తీసుకొస్తారు కాబట్టి ఇది కూడా చూసుకోండి. యాప్‌లో 'ల్యాండెడ్' అని వస్తే చక్రాలు నేలను తాకాయనే అర్థం. అక్కడి నుంచి గేటు, ఇమ్మిగ్రేషన్ క్యూ, సామాను, కస్టమ్స్. అప్పుడే ఇంకో రెండు పెద్ద విమానాలు దిగి ఉంటే ఆవిడ బయటికి రావడానికి గంటన్నర కూడా పట్టొచ్చు. వీల్‌చెయిర్ కావాలంటే టికెట్ కొనేటప్పుడే చెప్పి బుక్ చేయండి.